పప్పు బిందెలు

మా మెదక్‌లో ఎవరింటికైనా వెళ్లి మంచినీళ్లు అడిగితే, "ఏ నీళ్లియ్యాలె?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. వంటింట్లో మూడు రకాల నీళ్లుంటాయి మరి. నల్లా నీళ్లు పప్పుకీ చాయకీ. బోరు నీళ్లు గిన్నెలు తోమడానికీ బట్టలకీ. ప్లాంటు నుంచి క్యాన్లలో తెచ్చుకునే ఫిల్టర్ నీళ్లు తాగడానికి. ఏ బిందెలో ఏవున్నాయో ఆ ఇంటి ఆడవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. మగవాడెవడైనా పెద్ద తెలిసినట్టు చెంబు ముంచాడో, ఇల్లంతా ఒక్కసారి గయ్యిమంటుంది.

నేను ఈ ఊరి ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరైన మనిషిని. నీటి కాఠిన్యం పాఠం ఏటా చెప్పేవాణ్ని. కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా కరిగి ఉన్న నీటిని కఠిన జలం అంటారని, అందులో సబ్బు నురగ రాదని, బాయిలర్లలో పెచ్చు కడుతుందని, పప్పు తొందరగా ఉడకదని బోర్డు మీద వరసగా రాసి, కింద గీత గీసి, ఇది పరీక్షలో తప్పకుండా వస్తుందని పిల్లల్ని బెదిరించేవాణ్ని. ఇంటికొచ్చి మాత్రం మా ఆవిడ బిందెల వరస చూసి నవ్వేవాణ్ని. పాఠం వేరు, ఆడవాళ్ల చాదస్తం వేరు అనుకున్నాను. రెండూ ఒకటేనని నా బుర్రకెక్కేలోపు ఒక మనిషి పని పోయింది, పరువు పోయింది. రెండూ తీసింది నేనే.

ఆమె మా బడిలో మధ్యాహ్న భోజనం వండేది. మహిళా సంఘం తరఫున ఇద్దరు ఆడవాళ్లను సాయం పెట్టుకుని వచ్చేది. అప్పటికే యాభై దాటి ఉంటాయి. పేరు పెట్టి పిలిచేవాళ్లం కాదు, అందరికీ వంటామె. పొద్దున ప్రార్థన గంట కొట్టే వేళకు తలమీద ఒక బిందె, నడుం మీద ఒక బిందె పెట్టుకుని గేటులోంచి లోపలికి వచ్చేది. ఒకటి ఇత్తడిది, ఒకటి స్టీలుది. రెండు గల్లీల అవతల ఉండే తన ఇంటి నల్లా నీళ్లవి. నల్లా దినం తప్పి దినం వచ్చేది కాబట్టి ఒక రోజు పట్టి రెండో రోజుకు దాచేది. బడిలో చేతిపంపు ఉన్నా ఆ నీళ్లు అన్నానికీ, గిన్నెలు కడగడానికీ మాత్రమే. తను తెచ్చే ఆ రెండింటినీ ఆమె "పప్పు బిందెలు" అనేది. వాటిలో ఎవరైనా చెయ్యి ముంచితే ఊరుకునేది కాదు.

ఆ పప్పు గురించి చెప్పాలి. కందిపప్పు మెత్తగా మెదిగి, గంటెతో పోస్తే అన్నం మీద పరుచుకునేది. ఎల్లిపాయ వేసి పోపు పెట్టిన వాసన స్టాఫ్ రూమ్‌లోకి వచ్చి నాలుగో పీరియడ్ పాఠాన్ని పాడు చేసేది. ఇంటి నుంచి డబ్బా తెచ్చుకున్న సార్లు కూడా ఒక గంటెడు పప్పు అడిగి వేయించుకునేవాళ్లు. అందులో నేనూ ఉన్నాను.

ఒక వేసవిలో చేతిపంపు ఎండిపోయింది. అప్పుడు బడిలో బోరు వేయించాలని నేను నడుం కట్టాను. మా బడిలోనే చదువుకుని, వ్యాపారంలో పైకొచ్చి, రాజకీయాల్లోకి కూడా కాలు పెట్టిన ఒకాయన చుట్టూ నెల రోజులు తిరిగాను. ఆయన పొద్దున దొరక్కపోతే సాయంత్రం, ఇంట్లో దొరక్కపోతే ఫంక్షన్ హాల్లో పట్టుకున్నాను. చివరికి సరేనన్నాడు. బండి వచ్చింది, బాగా లోతుకు వేశారు. తెల్లటి బూడిద లాంటి రాతిపొడి లేచి లేచి, ఉన్నట్టుండి నీళ్లు ఎగజిమ్మినప్పుడు చొక్కా తడిసిపోయినా కదలకుండా నిలబడ్డాను. కొబ్బరికాయ కొట్టారు. రాతి పలక మీద దాత పేరు చెక్కించారు. నా పేరు ఎక్కడా లేదు. ఉండాలని నేను అడగలేదు కూడా. కానీ ఆ బోరు నాదని నా మనసులో రాసి పెట్టుకున్నాను. మోటారు పెట్టించి, వంట షెడ్డు పక్కనే, ఆమె చెయ్యి చాపితే అందేలా కుళాయి బిగించాను.

బడి తెరిచిన మొదటి రోజు గేటు దగ్గర నిలబడి చూస్తే, ఆమె మళ్లీ రెండు బిందెలతోనే వస్తోంది. ఒళ్లు మండింది నాకు.

"కుళాయి పక్కనే ఉంది గదమ్మా, ఇంకా ఈ మోత ఎందుకు?" అన్నాను.

"బోరు నీళ్లు అన్నానికి వాడుత సారూ, కడిగేతందుకు వాడుత. పప్పుకు మాత్రం గివే గావాలె. లోతు బోరు నీళ్లు సౌడు నీళ్లు. పప్పు మెత్తవడదు."

"ఎవరు చెప్పిన్రు నీకు?"

"ఎవ్వలు చెప్పాలె సారూ, పప్పే చెప్తది."

సాయం చేసే ఇద్దరు ఆడవాళ్లు నవ్వారు. నవ్వింది నన్ను చూసి కాకపోవచ్చు. కానీ నేను నెల రోజులు తిరిగి తెచ్చిన నీళ్లను, పలక పెట్టించిన నీళ్లను, ఒక వంటామె ఒక్క మాటతో గిన్నెలు కడగడానికి పనికొస్తాయని తేల్చేసింది. అది నేను మింగలేకపోయాను.

భోజనం బాధ్యత అప్పుడు నాదే. ఎక్కడో ఏదో బడిలో పిల్లలకు వాంతులయ్యాయని, వంటలో జాగ్రత్త పాటించాలని పై నుంచి కాగితం వచ్చి ఉంది. దాన్ని పట్టుకున్నాను. "బయటి నీళ్లు వాడరాదు" అని పెద్ద అక్షరాలతో రాసి వంట షెడ్డు తలుపు మీద అంటించాను. ఆమెకు చదువు రాదు. అందుకని నేనే ఎదురుగా నిలబడి చదివి వినిపించాను. ఆమె కాసేపు ఆ కాగితం వైపు చూసింది. "సరే సారూ, మీరు పెద్దోళ్లు" అంది. మర్నాటి నుంచి బిందెలు రాలేదు.

పప్పు మారింది. పైన నీళ్లు పసుపు రంగులో తేలేవి, అడుగున గింజలు గింజలుగా ఉండేవి. నమిలితే పలుకు. ఆమె అంతకు ముందు తొమ్మిదికి వచ్చేది, ఇప్పుడు ఏడింటికే వచ్చి పప్పు నానబెట్టేది. కట్టెలు రెండింతలు కాలేవి. పొగ క్లాసుల్లోకి వచ్చేది. నేను అదంతా చూస్తూనే ఉన్నాను. చూసి నేను కట్టిన లెక్క ఏమిటంటే, మంచి పప్పు ఇంటికి పోతోంది, ఏళ్లనాటి పాత పప్పు తెచ్చి గంజులో పోస్తోంది, పాత పప్పు కాబట్టే ఇన్ని కట్టెలు కాలుతున్నాయి అని. ఉడికించడానికి ఆమె పడుతున్న తిప్పలే నాకు దొంగతనానికి సాక్ష్యంలా కనిపించాయి. మనిషి ఒకసారి అనుమానం పెట్టుకుంటే, ఎదుటివాళ్లు ఎంత కష్టపడితే అంత అనుమానం పెరుగుతుంది.

ఒక రోజు తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. పిల్లలతో పాటు కూర్చుని తింటానని, అందరూ మెచ్చుకునేలా నేల మీదే కూర్చున్నాడు. రెండు ముద్దలు తిని, ఒక పలుకు నోట్లోంచి తీసి పళ్లెం అంచున పెట్టాడు. నన్ను ఏమీ అనలేదు. "చూస్కోండి మాస్టారూ" అని చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. ఆ చిన్న మాటకు నా తల కొట్టేసినట్టయింది.

ఆయన జీపు గేటు దాటిందో లేదో, నేను వంట షెడ్డు దగ్గరికి వెళ్లాను. పిల్లలు ఇంకా పళ్లేలు పట్టుకుని లైనులో ఉన్నారు. నేను గొంతు తగ్గించలేదు.

"మంచి పప్పు ఇంటికి, రాళ్ల పప్పు పిల్లలకా? ఎన్ని రోజుల సంది నడుస్తుంది ఈ దొంగతనం?"

గంటె ఆమె చేతిలోనే ఉండిపోయింది. లైనులో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె నా వైపు కాక పిల్లల వైపు చూసింది. ఎందుకు అటు చూసిందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున గేటు దగ్గర మళ్లీ రెండు బిందెలతో కనిపించింది. లోపలికి రాలేదు. బయటే నిలబడి నా కోసం చూస్తోంది.

"సారూ, ఒక్క పారి. ఒక్కటంటే ఒక్క పారి గీ నల్లా నీళ్లతోని వండనియ్యుండ్రి. పప్పు మీరే మీ చేత్తోని కొలిచి ఇయ్యుండ్రి, సంచి ఉన్న రూము తాళం మీ కాన్నే పెట్టుకోండ్రి. గప్పుడు గుడ ఉడకకపోతె నన్ను దొంగ అనుండ్రి."

ఇంతకంటే చక్కటి ప్రయోగం ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. అదే పప్పు, అదే పొయ్యి, అదే చెయ్యి, నీళ్లు మాత్రం మార్పు. ఇరవై ఏళ్లకు పైగా పిల్లలకు చెబుతూ వచ్చింది ఇదే కదా, ఒక్కటి మార్చి మిగతావన్నీ అలాగే ఉంచి చూడాలని. చదువు రాని మనిషి ఆ ప్రయోగం అడిగితే, సైన్స్ సారునైన నేను, "సాకులు చెప్పొద్దు, పో" అన్నాను.

ఆమె నెత్తి మీది బిందె దించి, గేటు పక్కన మేము ఆ ఏడే నాటిన వేప మొక్క మొదట్లో మెల్లగా పోసింది. రెండోదీ పోసింది. ఖాళీ బిందెలు చెరో చేత పట్టుకుని వెళ్లిపోయింది. నేను రాసిన రిపోర్టు మీద మా హెడ్మాస్టరు, పెద్దసారు, సంతకం పెట్టాడు. వారం తిరక్కుండా వేరే సంఘం ఆడవాళ్లు వంటకు వచ్చారు. అంతకు ముందు వాడలో చిన్న చిన్న పేరంటాలకూ, దావత్‌లకూ ఆమెను వంటకు పిలిచేవాళ్లట. బడిలో జరిగింది ఊళ్లో పాకింది. ఆ పిలుపులు కూడా ఆగిపోయాయని నాకు తర్వాత తెలిసింది. పిల్లలు ఆమెకు "రాళ్ల పప్పు" అని పేరు పెట్టుకున్నారని మాత్రం అప్పుడే తెలిసింది. నేను అన్న మాటే అది. మందలించడానికి నాకు ముఖం లేదు.

దసరా సెలవుల తర్వాత తొమ్మిదో తరగతికి కాఠిన్యం పాఠం వచ్చింది. ఈ పాఠానికి నేను చేసే ప్రయోగం అంటే పిల్లలకు సరదా. మూడు పరీక్షనాళికలు పెడతాను. ఒకదాంట్లో డిస్టిల్డ్ వాటర్, ఒకదాంట్లో మామూలు నీళ్లు, మూడోదాంట్లో మెగ్నీషియం సల్ఫేట్ కలిపి నేనే తయారు చేసిన కఠిన జలం. మూడింట్లోనూ సబ్బు నీళ్లు పోసి ఊపితే, మొదటి రెంటిలో నురగ పొంగుతుంది, మూడోదాంట్లో విరిగిన పాలలా తెల్లగా ముద్ద కడుతుంది. పిల్లలు ఓ అంటారు. ఆ రోజు కోసం పొద్దున్నే కిరాణా దుకాణంలో కొత్త సబ్బు కొని, కాగితం విప్పి, చాకుతో చెక్కి కరిగించాను.

అటెండర్‌ను మామూలు నీళ్లు తెమ్మన్నాను. అంతకు ముందు ఏళ్లలో స్టాఫ్ రూమ్‌లోని కుండలోంచి, తన ఇంటి నుంచి మోసుకొచ్చి పోసే నల్లా నీళ్లు తెచ్చేవాడు. ఆ రోజు బీకరు నిండా తెచ్చి, "కొత్త బోరువే సార్, ఇప్పుడే పట్టిన, ఫ్రెష్" అన్నాడు. సంతోషంగానే తీసుకున్నాను.

మొదటి నాళిక ఊపాను. నురగ వేలు మీదికి పొంగింది. రెండోది ఊపాను. ఏమీ లేదు. ఇంకా గట్టిగా ఊపాను. తెల్లటి పెచ్చులు తేలాయి. మూడోది ఊపి పక్కన పెట్టాను. రెండో దానికీ మూడో దానికీ తేడా లేదు. నేను ఏటా మందు కలిపి కష్టపడి తయారు చేసే నీళ్లు వంట షెడ్డు పక్కన కుళాయి తిప్పితే వస్తున్నాయి.

ముందు బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి లేచి నిలబడింది. ఎప్పుడూ నోరు మెదపని పిల్ల.

"సార్, గట్లైతే మన బడి నీళ్లు గుడ హార్డ్ వాటరేనా?"

నేను మూడో నాళికను స్టాండులో సర్దాను.

"హార్డ్ వాటర్‌ల పప్పు ఉడకదని బుక్కుల ఉంది గద సార్?"

ఆ ఒక్క నిమిషం నాకు ఇప్పటికీ గుర్తుంది. అవునమ్మా, ఉడకదు, నేను తప్పు చేశాను అని చెప్పడానికి నాలుగు మాటలు చాలు. చెప్పి ఉంటే ఆ పిల్లలు ఇళ్లకు వెళ్లి చెప్పేవాళ్లు, వాడంతా తెలిసేది, ఆమె సాయంత్రానికల్లా దొంగ కాకుండా పోయేది. నేను నాళికను వెలుతురుకు పట్టి చూసినట్టు నటించాను.

"సబ్బు పాతది" అన్నాను. "కూర్చో."

రెండో నాళిక కడిగి బోర్లించాను. బోర్డు వైపు తిరిగి కఠిన జలం వల్ల నష్టాలు రాశాను. ఒకటి, సబ్బు వృథా. రెండు, బాయిలర్లలో పెచ్చు. ఏటా మూడో నష్టం కూడా రాసేవాణ్ని. ఆ రోజు రెండే రాసి కింద గీత గీశాను.

సాయంత్రం ఒక సీసాలో బోరు నీళ్లు పట్టుకుని ఇంటికి వెళ్లాను. రెండు గిన్నెల్లో గుప్పెడు గుప్పెడు కందిపప్పు వేసి, ఒకదాంట్లో మా నల్లా నీళ్లు, ఇంకోదాంట్లో బోరు నీళ్లు పోసి రెండు పొయ్యిల మీద పెట్టాను. మా ఆవిడ తలుపుకు ఆనుకుని చూస్తోంది.

"ఏం జేస్తున్నరు?"

"ఏది ముందు ఉడుకుతదో చూస్తున్న."

"గిది గుడ పరీక్ష జేసి చూడాల్నా? పక్కింటి పోరినడిగినా చెప్తది గద. మీరు సైన్స్ సారెట్లయిన్రో ఏమో."

నల్లా గిన్నెలో పప్పు మెదిగిపోయింది. రెండోదాంట్లో గింజలు గింజలుగానే తిరుగుతున్నాయి. నేను మా ఆవిడకు విషయం చెప్పలేదు. ఆ రోజు అన్నం సరిగా తినలేదు. తల నొప్పి అన్నాను.

రేపు వెళ్లి చెబుదాం అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. కానీ రేపు వెళ్తే పెద్దసారుకు చెప్పాలి, రాసిన రిపోర్టు తప్పని మళ్లీ రాయాలి. బోరు వేయించిన ఆయనకు మాట వస్తుంది. పిల్లల ముందు సబ్బు పాతదని అన్నాను, అదీ అబద్ధమని తేలుతుంది. ఒక తప్పు ఒప్పుకోవాలంటే ఇంకో మూడు ఒప్పుకోవాలి. అలా ఆ వారం గడిచింది. దీపావళి వచ్చింది. ఆ తర్వాత, ఇన్ని రోజులకు చెప్పి ఏం లాభం అన్న మాట దొరికింది. పిరికివాడికి అది చాలా పనికొచ్చే మాట.

అంతకంటే సిగ్గుపడే విషయం ఇంకొకటి ఉంది. కొత్తగా వచ్చిన వంటవాళ్లు కూడా పప్పు ఉడకడం లేదని నా దగ్గరికి వచ్చారు. "ఇంటికాడికెల్లి నల్లా నీళ్లు తెచ్చుకోమంటారా సార్?" అని అడిగారు. అడిగిన మొదటిసారే సరేనన్నాను. వంట షెడ్డు తలుపు మీది కాగితం అప్పటికి వానకు తడిసి సగం ఊడింది. మిగతా సగం నేనే గోటితో గీకేశాను. పప్పు మళ్లీ మెత్తగా వచ్చింది. కొత్తవాళ్లు బాగా వండుతున్నారని సార్లందరూ మెచ్చుకున్నారు. నేను మాత్రం మళ్లీ గంటెడు పప్పు అడగలేదు.

ఏళ్లు గడిచాయి. నేను రిటైరయ్యాను. ఇప్పుడు నది నీళ్లు శుద్ధి అయి పైపుల్లో ఇంటింటికీ వస్తున్నాయి. అయినా మా ఊరి వాళ్లకు అనుమానం తీరదు, తాగడానికి ప్లాంటు నీళ్లే కావాలి. మా ఇంట్లోనూ అంతే. నేను రెండు రోజులకోసారి స్కూటర్ మీద కాళ్ల మధ్య క్యాను పెట్టుకుని వెళ్తాను. మొన్న ఎండాకాలంలో మామూలుగా వెళ్లే ప్లాంటులో మోటారు కాలిపోయిందని, బస్టాండు అవతల ఉన్న ఇంకోదానికి వెళ్లాను. షట్టర్ ముందు ఒక పెద్దావిడ పీట మీద కూర్చుని, పొడుగు బ్రష్షుతో క్యాన్ల లోపల తోముతోంది. జుట్టు మొత్తం నెరిసింది. ఎప్పుడూ తడిలో నానడం వల్ల వేళ్లు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి.

"బాగున్నరా సారూ?" అంది.

గొంతును బట్టి గుర్తుపట్టాను. క్యాను చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఇన్నేళ్లూ ఆమె ఇల్లు బడికి రెండు గల్లీల అవతలే అని తెలిసి కూడా ఆ గల్లీలోకి బండి తిప్పని వాణ్ని. ఇక తప్పించుకోవడానికి చోటు లేదు. ఒక రకంగా మంచిదే అనిపించింది. పక్కన ఇంకో క్యాను బోర్లించి దాని మీద కూర్చున్నాను.

"అమ్మా, నీకొక మాట చెప్పాలె."

"చెప్పుండ్రి."

"గప్పుడు పప్పు ఉడకకపోయింది బోరు నీళ్లకే. నీ తప్పేం లేదు. నిన్ను గంత మాట అనకపోవాల్సుండె. తప్పు నాదే."

బ్రష్షు ఆగలేదు. "నాకెర్క లేదా సారూ? గేటు కాడ మీకు చెప్పిన గద."

"అవును. నాకే శాన ఆలస్యంగ తెలిసింది."

అప్పుడు ఆపింది. క్యాను పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని నా ముఖంలోకి చూసింది. కోపం లేదు ఆ చూపులో. పిల్లవాడు తప్పు లెక్క చేస్తే మనం చూసినట్టు చూసింది.

"ఆలస్యం యాడిది సారూ? దసరా ఎల్లినంకనే మీకెర్కయింది. మా మనుమరాలు చెప్పింది."

"నీ మనుమరాలా?"

"నా బిడ్డ బిడ్డ. మీ క్లాసుల ముంగటి బెంచీల కూసుంటుండె. బడిల నన్ను అమ్మమ్మ అని పిలువకు బిడ్డా, నీకు ఎక్కువ ఏస్తున్న అంటరు అని నేనే చెప్పిన. అందుకే ఎవ్వల్కి ఎర్క లేదు. మీరు నన్ను దొంగ అన్ననాడు గుడ లైన్ల పళ్లెం వట్టుకోని నిలవడ్డది."

హాజరు పట్టీలో తండ్రి పేరు ఉంటుంది. అమ్మమ్మ పేరు ఉండదు. గంటె చేతిలో పట్టుకుని ఆ రోజు ఆమె పిల్లల వైపు ఎందుకు చూసిందో, అప్పుడు తెలిసింది నాకు.

"గాజు గొట్టాలల్ల సబ్బు కలిపి సూపెట్టిన్రట గద" అంది. "బోరు నీళ్లల్ల పొంగు రాలేదట. ఆ పొద్దు బడి ఇడువంగనే ఉర్కొచ్చింది పిల్ల. 'అమ్మమ్మా, సార్‌కు ఎర్కయింది, రేపు సారే నిన్ను పిలుస్తడు' అన్నది. నేను నమ్మిన. రెండు బిందెలు చింతపండు వెట్టి తోమి దర్వాజ కాడ పెట్టుకున్న. తెల్లారి నల్లా రాంగనే నింపిన. మీరు పిలువలే. మల్ల నల్లా వచ్చిననాడు ఆ నీళ్లు పారవోసి మల్ల నింపిన. గట్ల దీపావళి దాక సూసిన సారూ."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవడానికి కూడా సిగ్గేసింది. ఆ రెండు బిందెలు, అలా తోమి నింపి గడప దగ్గర పెట్టినవి, నేను ఇంట్లో పటాసులు కాలుస్తూ ఇన్ని రోజులకు చెప్పి ఏం లాభం అనుకుంటున్నప్పుడు కూడా అక్కడే ఉన్నాయి.

"నేను సబ్బు పాతదని అబద్ధం చెప్పిన" అన్నాను. అది ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట. "అది కొత్త సబ్బే."

"గట్లనా" అంది. ఆమెకు తెలియనిది ఆ ఒక్కటే అనుకుంటాను. నా క్యాను తీసుకుని లోపల రెండు సార్లు తోమింది. పైపు కింద పెట్టి నింపింది. మూత బిగించి, నేను వద్దంటున్నా వినకుండా తనే ఎత్తి స్కూటర్ మీద పెట్టింది.

"ఇప్పుడు ఏం జేస్తున్నది ఆ పిల్ల?" అని అడిగాను.

"లగ్గమైంది సారూ. తూప్రాన్‌ల ఉంటది, ఇద్దరు పిల్లలు." మళ్లీ పీట మీద కూర్చుని ఇంకో క్యాను అందుకుంది. "నేను అప్పుడే అన్న, మీ సార్ ఇగ పిలువడే అని. ఒప్పుకోలే పిల్ల. 'సబ్బు పాతదన్నడు గద అమ్మమ్మా, కొత్త సబ్బు తెచ్చి మల్ల జేస్తడు, మా సార్ ఏదీ సగం ఇడిసిపెట్టడు' అన్నది. పరీక్షలయ్యే దాక గదే మాట."

ఆ పరీక్షనాళికల రోజు తర్వాత నేను బడిలో ఇంకా ఆరేళ్లు పనిచేశాను. ఏటా ఆ పాఠం చెప్పాను. ఆ ప్రయోగం మాత్రం మళ్లీ ఒక్కసారి కూడా చేయలేదు.